నాలుగో పీరియడ్ ఖాళీ

ఆ బడిలో పిల్లలకి ఆయన లెక్కల మాస్టారు. స్టాఫ్‌రూములో మాత్రం గళ్ళ మాస్టారు. ఏటా బడికి టైంటేబుల్ వేసేది ఆయనే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది.

అదేదో అల్లాటప్పా పని అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఇరవై నాలుగు తరగతి గదులు, ముప్ఫై ఆరుగురు టీచర్లు, రోజుకి ఎనిమిది పీరియడ్లు. ఒక మనిషి ఒకేసారి రెండు గదుల్లో ఉండకూడదు. లెక్కలు మధ్యాహ్నం పెడితే పిల్లలు కళ్ళు తెరిచి నిద్రపోతారు. ల్యాబ్‌కి రెండు పీరియడ్లు పక్కపక్కనే కావాలి. డ్రిల్లు మాస్టారికి మోకాలి నొప్పి, మేడ మీద పని చెప్పకూడదు. సంగీతం టీచరుకీ సైన్సు టీచరుకీ పదేళ్ళుగా మాటల్లేవు, ఇద్దరికీ ఒకే గంట ఖాళీ పడిందంటే స్టాఫ్‌రూములో మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి. ఇవన్నీ ఒక్క బుర్రలో పట్టాలి. పన్నెండేళ్ళపాటు పట్టాయి, ఒక్క తప్పు లేకుండా. "మీది బుర్ర కాదు మాస్టారూ, బీరువా" అనేవారు హెడ్‌మిస్ట్రెస్.

ఆ బీరువా ఆయన ఎప్పుడు తెరిచి సర్దేవారో ఎవరికీ తెలీదు. బోర్డు మీద రంగు చీటీలు గుచ్చడం ఆఖరి రోజు పని. అసలు పని అంతకుముందే, నెత్తిమీద నీళ్ళు పోసుకుంటూ, బస్సు కోసం నిలబడి, మంగలి ముందు తల వంచుకుని కూర్చుని, అయిపోయేది. చేతికి పనిలేని ప్రతి నిమిషంలోనూ బుర్ర తన పాటికి తాను చేసుకుపోయేది. ఆ సంగతి అప్పట్లో మాస్టారికి కూడా తెలీదు. తెలిసుంటే ఆ నిమిషాలను అంత చవగ్గా వదులుకునేవారు కాదేమో.

రెండేళ్ళ క్రితం పెద్ద తెరున్న ఫోను కొన్నారు. మొదట్లో బస్‌స్టాపులో తీసేవారు. తర్వాత మంగలి షాపులో. ఇప్పుడది స్నానాల గది కిటికీ గట్టు మీద, సబ్బు పెట్టె పక్కన కూడా ఉంటోంది. ఎక్కడో ఒక ముసలాయన తుప్పు పట్టిన గడియారాలు విప్పి బాగుచేస్తుంటాడు, అది చూస్తారు. ఇంకెవరో మాసిపోయిన తివాచీలు ఉతుకుతుంటారు, అదీ చూస్తారు. ఇంట్లో తివాచీ లేదు. గడియారం వీడియో కింద ఎవడో "నూనె వెయ్యాల్సింది అలా కాదు" అని రాస్తే, జన్మలో గడియారం మూత విప్పని మాస్టారు వాడితో వాదనకి దిగారు, అది ఎంతకీ తెగలేదు.

"ఆయన కోసం మీరింత తగువు పడుతున్నారని ఆ ముసలాయనకి తెలుసా?" అని అడిగింది ఇంటావిడ. మాస్టారు వినిపించుకోలేదు. అప్పుడే వాడి జవాబు వచ్చింది మరి.

అదే బడిలో సోషల్ చెప్పే టీచరు మాస్టారికి స్వయానా అక్క. పెద్ద సెలవులకి నెల ముందు బావకి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ నెమ్మదిగా దారికొచ్చాయి, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మాట మాత్రం పోయింది. బావ అంటేనే మాట. ఆయన నోరు విప్పితే వడ్డించేవాళ్ళు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయేవారు. బావమరిదిని చూస్తే చాలు, "ఏరా లెక్కలూ, రెండూ రెండూ కలిపితే ఇవాళ ఎంతరా?" అని మొదలుపెట్టేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు పెదాలు కలిపి విడదీసి, "బ... బ..." అని, ఆగిపోయి, తలుపు వైపు చూస్తూ కూర్చుంటున్నాడు.

సెలవులిచ్చిన రోజు అక్క మాస్టారిని వరండాలో ఆపింది.

"ఒరేయ్, నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు కదా. ఇప్పుడొకటి అడుగుతున్నా. మీ బావకి మాట నేర్పించే ఆవిడ దొరికింది. మన బడి వెనక వీధిలోనే. సోమ, బుధ, శుక్రవారాలు పదకొండున్నరకి తప్ప ఇంకెప్పుడూ వీల్లేదంది. అంటే మన నాలుగో పీరియడ్. ఆ మూడు రోజులూ నాకు నాలుగోది ఖాళీ పెట్టు. తర్వాత ఎలాగూ భోజనం బెల్లు, ఆయన్ని ఇంట్లో దింపి వచ్చేస్తాను."

"ఓస్, ఇంతేనా?"

"ఇంతే కాదురా. మొదటి ఆర్నెల్లే ముఖ్యమట. అప్పుడు రాని మాట తర్వాత రావడం కష్టమన్నాడు డాక్టరు. నా సెలవులన్నీ ఆస్పత్రిలోనే అయిపోయాయి. ఇంట్లో మేమిద్దరమే."

"ఆ పూచీ నాది అక్కా. ముందు నీ చీటీలు గుచ్చాకే మిగతావాళ్ళవి."

ఊరికే అన్న మాట కాదది. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆయన దొంగమాటలు చెప్పే మనిషైతే ఈ కథ చెప్పుకోవాల్సిన అవసరమే లేదు.

నలభై రోజుల సెలవులు. మొదటి వారం విశ్రాంతి, అది న్యాయమే. రెండో వారం కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టుకున్నారు. అక్కకి నాలుగోది ఖాళీ కావాలి, అయితే ఆ గంటలో పదో తరగతికి ఎవరు వెళ్ళాలి? ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి చెయ్యి ఫోను మీదకి పోయేది. ఒక్కసారి చూసి పెట్టేద్దాం అనుకునేవారు. పెట్టేసరికి కాఫీ వేళయ్యేది.

ఒకరోజు, ఇదంతా ఈ కాలంలో చేత్తో చేసేదేమిటి, టైంటేబుల్ వేసే సాఫ్ట్‌వేర్లుంటాయి కదా అని వెతికారు. పద్నాలుగు దొరికాయి. ఏది మంచిదో చెప్పే వీడియోలు పద్నాలుగూ చూశారు. ఒక్కటీ దింపుకోలేదు. ఇంకోరోజు భయమేసి, పనులు వాయిదా వేసే జబ్బు వదిలించుకోవడం ఎలా అని వెతికారు. దాని మీద గంటేసి ఉపన్యాసాలున్నాయి. శ్రద్ధగా, నోట్సు రాసుకుంటూ విన్నారు. రెండు రోజులు అలా పోయాయి. ఇంతకంటే ఘోరం ఇంకోటుందా అని మీరు నవ్వచ్చు. మాస్టారికే నవ్వొచ్చింది. నవ్వుతూనే మూడో ఉపన్యాసం నొక్కారు.

తెలియక చేస్తే సుఖం. ఆయన తెలిసే చేస్తున్నారు. కుర్చీలో కూర్చున్న మనిషిని ఎవరూ కట్టెయ్యలేదు, తలుపు వెయ్యలేదు. లేవడానికి మాత్రం శక్తి చాలేది కాదు. బొటనవేలు తెరను పైకి తోస్తూనే ఉండేది, లోపల్నుంచి ఒక గొంతు "అక్క, అక్క" అంటూనే ఉండేది. ఆ గొంతు వినలేక ఇంకా వేగంగా తోసేవారు.

బడి తెరవడానికి ముందు రోజు, ఆదివారం మధ్యాహ్నం, హెడ్‌మిస్ట్రెస్ ఫోను చేశారు.

"తయారేనా మాస్టారూ? పొద్దున్నే అచ్చుకి పంపాలి."

"అయిపోవచ్చిందండీ" అన్నారు మాస్టారు. మొదలే కాలేదు.

అప్పుడు ఆయనకి తళుక్కున ఒక ఉపాయం తోచింది. పోయినేటి టైంటేబుల్ కంప్యూటర్లో ఉంది. ఈ ఏడు మారిందల్లా ఒక్కటే. తొమ్మిది, పది తరగతులకి సోషల్ చెప్పే పెద్దాయన రిటైరయ్యారు. ఆ తరగతులు అక్కకి వచ్చాయి. అక్క చెప్పే చిన్న తరగతులు కొత్తగా చేరిన టీచరుకి. అంటే పేర్లు మారిస్తే చాలు! ముందు అక్క పేరున్న చోటల్లా కొత్త టీచరు పేరు, ఆ తర్వాత పెద్దాయన పేరున్న చోటల్లా అక్క పేరు. ఈ వరసలోనే చెయ్యాలి, తిరగేస్తే అందరూ కొత్త టీచరైపోతారు. ఎంతైనా లెక్కల మాస్టారు కదా, ఆ మెలిక ఆయన తప్పలేదు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. అక్క గళ్ళు ఒకసారి చూడాలి అనుకున్నారు. అనుకుంటుండగానే ఫోను మోగింది. గడియారం నూనె గురించి వాదించేవాడు మళ్ళీ ఏదో కూశాడు. వాడి సంగతి చూసి, వచ్చి, చూడాల్సిందేమిటో మర్చిపోయి, పంపించేశారు.

రిటైరైన పెద్దాయనకి ఒక పట్టుదల ఉండేది. భోజనం బెల్లుకి ముందు పీరియడ్ పదో తరగతిలో తనదే కావాలనేవారు. ఆయన పోరు పడలేక పన్నెండేళ్ళ నాడు మాస్టారే అలా పెట్టారు. ఆ గళ్ళన్నిట్లోకీ అక్క పేరు వెళ్ళి కూర్చుంది. నాలుగో పీరియడ్, పదో తరగతి, వారానికి ఆరు రోజులూ.

సోమవారం పొద్దున అక్క నోటీసు బోర్డు ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత స్టాఫ్‌రూములోకి వచ్చి, తమ్ముడి పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒరేయ్, నా పేరు ఎక్కడ పెట్టావో చూశావా?" అంది. గొంతులో కోపం కూడా లేదు.

మాస్టారు లేచి వెళ్ళి బోర్డు చూసి వచ్చారు. "సాయంత్రానికి మార్చేస్తానక్కా. అచ్చులో పొరపాటు."

"అచ్చులోనా?"

మాస్టారు ముందున్న పుస్తకాలు సర్దడం మొదలుపెట్టారు.

"ఈ వారం ఎవర్నీ పిలవనంది మాట నేర్పించే ఆవిడ. కానీ బుధవారం లోపు వస్తామో రామో చెప్పాలి. చెప్పకపోతే ఆ టైం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తుంది. తన దగ్గరికి రావాలని నాలుగు నెలలుగా కాచుకున్న వాళ్ళున్నారట" అంది అక్క.

మార్చడానికి హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకున్నారు. "బుధవారం పొద్దున్నకల్లా ఇవ్వండి, కొత్తది అంటిద్దాం. కానీ ఒకరి కోసం కదిపి ఇంకొకరిని ఏడిపించకండి. ఇందులో మీకు సాయం చేద్దామన్నా మాకెవరికీ చేతకాదు."

మంగళవారం మాస్టారు ఆఫీసులో గుమస్తాకి ఫోను అప్పజెప్పి, "నేనడిగినా ఇవ్వకు" అని చెప్పి, లైబ్రరీలో బోర్డు ముందు కూర్చున్నారు. ఎండ కిటికీలోంచి చీటీల మీద పడుతోంది. అక్కది ఆకుపచ్చ చీటీ.

ఆకుపచ్చ చీటీని నాలుగో గడిలోంచి రెండో గడికి తెచ్చారు. రెండులో పదో తరగతికి ఇంగ్లీషుంది. దాన్ని నాలుగుకి పంపాలి. కానీ ఆ గంటలో ఇంగ్లీషు మాస్టారు ఎనిమిదో తరగతిలో ఉన్నారు. ఎనిమిదికి ఇంకెవరినైనా వెయ్యాలి, సంగీతం టీచరు ఖాళీ, ఆవిడని వేస్తే... ఇంతకీ మొదట కదిపింది ఎవరిని? చెయ్యి జేబులోకి పోయింది. జేబు ఖాళీగా ఉంది. చెయ్యి వెనక్కొచ్చింది. ఆలోచన రాలేదు.

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి కాగితం మీద బాణాలు గీసుకున్నారు. మూడో బాణం దగ్గర మళ్ళీ చెయ్యి జేబులోకి. లేచి నీళ్ళు తాగొచ్చారు. కిటికీ తెరిచారు, వేశారు. ఒకప్పుడు ముప్ఫై ఆరుగురూ తలలో ఎవరి చోట్లో వాళ్ళు నిలబడి, "కదులు" అంటే కదిలేవారు. ఇప్పుడు ముగ్గుర్ని నిలబెడితే నాలుగోవాడు వచ్చేసరికి మొదటివాడు మాయమవుతున్నాడు. రెండు గంటలు గడిచాయి. ఆకుపచ్చ చీటీ నాలుగో గడిలోనే ఉంది.

మాస్టారికి ఏడుపొచ్చింది. బావకి లోపల అంతా ఉంది, బయటికి రావడం లేదు. నాకు నోరు బాగానే ఉంది, లోపలే ఏమీ లేదు అనుకున్నారు. అనుకుని నిజంగా భయపడ్డారు.

ఆ భయంలో నేరుగా ఆఫీసుకి వెళ్ళి, "ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటి చూడాలి, అయిదు నిమిషాలు" అని గుమస్తా దగ్గర ఫోను తీసేసుకున్నారు. గుమస్తా ఏమంటాడు పాపం, ఇచ్చేశాడు.

ఆఖరి బెల్లు కొట్టాక అక్క లైబ్రరీకి వచ్చింది. బోర్డు పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. తమ్ముడి చేతిలో ఎవరో తివాచీ ఉతుకుతున్నారు. మాస్టారు గభాలున ఫోను బోర్లించారు కానీ ఆలస్యమైపోయింది.

తిడుతుందనుకున్నారు. తిట్టినా బాగుండేది. అక్క బోర్డు దగ్గరికి వెళ్ళి తమ్ముడి వరస మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. టైంటేబుల్ వేసేవాడు తన పీరియడ్లు ముందే మంచివి ఏరుకుంటాడు, అది ఏ బడిలోనైనా ఉన్నదే.

"నాలుగోది నీకు ఖాళీయే కదరా. ఆరు రోజులూ" అంది.

"ఊఁ."

"అయితే నువ్వే తీసుకెళ్ళు మీ బావని."

మాస్టారికి గండం గడిచినట్టయింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది కూడా. కానీ సిగ్గు కంటే ఊరటే పెద్దది. "నా ప్రాణం పెట్టి చూసుకుంటానక్కా" అన్నారు. తనే కూర్చుని చూసుకోవాలని అక్కకి ఎంత ఉందో ఆ పూట ఆయన అడగలేదు.

మాట నేర్పే ఆవిడ గది చిన్నది. ఒక బల్ల, మూడు కుర్చీలు, బొమ్మల కార్డులు. మొదటి రోజే మాస్టారికి కచ్చితంగా చెప్పింది.

"అరగంట నేను చేయిస్తాను. ఆఖరి పది నిమిషాలు మీది. నేను పక్క గదిలో ఇంకొకరిని చూసుకుంటుంటాను. మీరు ఎదురుగా కూర్చుని ఆయన మొహంలోకి చూస్తూ ఉండాలి, అంతే. మాట లోపలే ఉంది, దారి వెతుక్కుంటోంది. తొందర పెట్టొద్దు. మీరు అందించొద్దు. చూపు తిప్పొద్దు. మొట్టమొదట ఏ మాట వస్తుందో అది చాలా ముఖ్యం. దాన్ని పట్టుకునే మిగతావి లాగాలి. వచ్చింది వచ్చినట్టు ఈ పుస్తకంలో రాయండి."

పది నిమిషాలు ఒక మనిషి మొహంలోకి చూస్తూ ఊరుకోవడం ఎంత పనో మీరూ ఒకసారి ప్రయత్నించి చూడండి. మొదటి వారం మాస్టారు బాగానే కూర్చున్నారు. బావ పెదాలు కదిపేవాడు, నుదురు ముడిపడేది, మెడ నరాలు తేలేవి. "బ..." అని ఆగిపోయేవాడు. పుస్తకంలో మాస్టారు "బ" అని రాసేవారు. రెండో వారం, బావ కళ్ళు మూసుకున్నప్పుడు మాత్రం ఫోను వైపు ఒక్క క్షణం చూసేవారు. మూడో వారం ఫోను తొడ మీదికి చేరింది. బల్ల అడ్డం కదా, కనిపించదనుకున్నారు. బావకి పోయింది మాట మాత్రమే. చూపు నిక్షేపంగా ఉంది.

నాలుగో వారం, బుధవారం. పక్క గదిలోంచి ఎవరో పాపాయి నవ్వులు వినిపిస్తున్నాయి. బావ ఆ రోజెందుకో హుషారుగా ఉన్నాడు. కుర్చీ చేతుల మీద బలం మోపి ముందుకి వంగాడు. పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. ఇది రోజూ ఉండేదే అనుకున్నారు మాస్టారు. తొడ మీద ఫోను వణికింది. గడియారం నూనె తగువువాడు. "ఒప్పుకుంటున్నాను, మీరే రైటు" అని రాశాడు. నెలల తరబడి సాగిన తగువులో వాడు ఓడిపోయాడు! మాస్టారి మొహం విప్పారింది.

అప్పుడే బావ ఒక మాట అన్నాడు.

శబ్దం కాదు, మాటే. గొంతు బొంగురుగా ఉంది, అయినా అది మొదలూ చివరా ఉన్న నిండు మాట. మాస్టారి చెవిన పడింది కానీ బుర్రకి ఎక్కలేదు. తలెత్తేసరికి బావ కళ్ళనిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు. విన్నావా అన్నట్టు ఎదురుచూస్తున్నాడు.

"ఏంటి బావా? ఏమన్నావు? మళ్ళీ అను, ఇంకొక్కసారి!"

బావ నోరు తెరిచాడు. రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. "బ..." అన్నాడు, అంతే. నవ్వు నెమ్మదిగా పోయింది. ఆయన చూపు బల్ల అంచు దాటి మాస్టారి తొడ మీద వెలుగుతున్న తెర మీద పడి, అక్కడే ఆగింది.

పక్క గది తలుపు తోసుకుని ఆవిడ పరుగున వచ్చింది. "మాట వినిపించింది! మాటే కదా?"

"మాటేనండీ" అన్నారు మాస్టారు.

"ఏం మాట?"

తెలీదని చెప్పచ్చు. ఒక్క ముక్క. వినలేదండీ, ఫోను చూస్తున్నాను అంటే సరిపోయేది. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే అక్క మొహం వచ్చింది.

"ఏమోయ్... అన్నాడండీ" అన్నారు. "మా అక్కని అలాగే పిలుస్తాడు, పెళ్ళైన దగ్గర్నుంచీ."

ఆవిడ ఆనందం పట్టలేకపోయింది. "చూశారా! ఇంటి మాటే ముందొస్తుంది. ఇంక రోజూ దీంతోనే మొదలుపెడదాం" అంటూ పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకుంది. బావ కుడివైపుకీ ఎడమవైపుకీ తల ఊపాడు. "అలసిపోయారు, ఇవాళ్టికి చాలు" అందావిడ.

ఇంటిదాకా ఇద్దరూ నడిచారు. ఫోను రెండుసార్లు మోగింది, మాస్టారు తియ్యలేదు. చెప్పెయ్యాలి, అక్కకైనా నిజం చెప్పెయ్యాలి అని వీధి మలుపు దాకా అనుకున్నారు. ఇంటికి వెళ్ళాక చెబుదాంలే అనుకున్నారు. కానీ ఈలోపు మాట నేర్పే ఆవిడ బడికి ఫోను చేసి కబురందించేసింది. వీళ్ళు వెళ్ళేసరికే అక్క భోజనం బెల్లులో పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకంటిన సుద్దముక్క పొడి కూడా కడుక్కోలేదు.

"నిజమేనట్రా? నన్నే పిలిచారా?"

మాస్టారు తలూపారు.

అక్క తమ్ముడి చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుని కళ్ళకద్దుకుంది. "నీ రుణం తీర్చుకోలేనురా. నిన్ను ఏమేమో అనుకున్నాను" అని ఏడ్చింది. తర్వాత భర్తని కుర్చీలో కూర్చోబెట్టి, తాను ఎదురుగా నేల మీద చతికిలబడింది. గడ్డం పైకెత్తి, చిన్నపిల్లలా చూస్తూ, "ఏదీ, ఒక్కసారి పిలవండి. నేను వినొద్దూ?" అంది.

బావ ఆమెని చూశాడు. ఎంతో ఇష్టంగా చూశాడు. తర్వాత తలెత్తి, ఆమె భుజం మీదుగా గుమ్మంలో నిలబడ్డ బావమరిది వైపు చూశాడు. పెదాలు కలిశాయి. మెడ నరాలు తేలాయి. ఏదో చెప్పాలని ఉంది ఆయనకి, అది పిలుపు మాత్రం కాదు.

మాస్టారు రెప్ప వెయ్యకుండా ఆ పెదాలనే చూశారు. ఒక్క క్షణం కూడా చూపు తిప్పలేదు. అక్క ఊపిరి బిగబట్టి మాట రావాలని మొక్కుకుంటోంది. గుమ్మంలో నిలబడి ఆమె తమ్ముడు, ఆ మాట రాకూడదని, ఇంకెప్పటికీ రాకూడదని మొక్కుకుంటున్నాడు.